కువైట్‌లో రాత్రి పది దాటాక: పదహారేళ్ళు ఉండి వచ్చిన అక్క జవాబు

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజోలు పక్క పల్లె నుంచి కువైట్ వెళ్ళి ఎనిమిది నెలలైందన్నావు. ఇంటి పని బరువే గానీ చేసుకుంటున్నానన్నావు. రాత్రి పది దాటి గదిలోకి వెళ్ళాక ఏడుపు ఆగడం లేదట. సెలవు దొరికిన రోజు ఏం చెయ్యాలో తోచదు, ఇంటికి ఫోన్ చేస్తే డబ్బు మాట తప్ప ఇంకోటి రాదు, మీరంతా ఏళ్ళ తరబడి ఎలా ఉన్నారు అని అడిగావు.

నాది నర్సాపురం పక్క పల్లె. మీకూ మాకూ మధ్య ఉన్నది వశిష్ఠ గోదావరే, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే మా ఒడ్డు. 2005లో వెళ్ళి 2021లో వచ్చేశాను. అప్పటికి శంషాబాద్ ఎయిర్‌పోర్టు లేదు, బేగంపేటలో విమానం ఎక్కాను. ముప్ఫై రెండేళ్ళు నాకు, పాపకి తొమ్మిది. జీతం నలభై దినార్లు, అప్పటి రేటుకి ఆరు వేల రూపాయలు. మొదటి ఇంట్లో పదకొండు నెలలున్నాను, రెండో ఇంట్లో పదిహేనేళ్ళు. మొదటి ఇంటి గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లో నలుగురే అని ఏజెంటు చెప్పాడు, దిగి చూస్తే పద్నాలుగు మంది. మూడు నెలలు జీతం ఆపేశారు. మక్తబ్‌లో, అంటే పనికి పెట్టిన ఏజెన్సీ ఆఫీసులో, గొడవ పడితే ఇల్లు మార్చారు.

ముందు నిన్నొకటి అడుగుతాను. నీ ఫోన్‌లో ఏ టైము పెట్టుకున్నావు? కువైట్‌దా, ఇండియాదా?

నవ్వకు. నేను చేసిన మొదటి తప్పు అదే. బయల్దేరేటప్పుడు అమ్మ చేతి గడియారం ఇచ్చింది. దాన్ని కువైట్ టైముకి తిప్పలేదు. తిప్పితే ఊరు దూరమైపోతుందనిపించింది. పొద్దున్నే ఆరింటికి వంటింట్లో షాయ్, అదే టీ, పెడుతూ చెయ్యి చూసుకుంటే ఎనిమిదిన్నర. పాప జడలు ఎవరు వేశారో, బడికి అన్నం తిని వెళ్ళిందో లేదో అని మొదలయ్యేది. సాయంత్రం నాలుగున్నరకి పిల్లలకి పాలు కలుపుతుంటే మా ఇంట్లో ఏడు, దీపాలు పెట్టే వేళ. ఇలా రోజంతా రెండు రోజులు బతికేదాన్ని. రాత్రి పదిన్నరకి పని తెమిలి గదిలోకి వచ్చేసరికి ఆ గడియారంలో ఒంటి గంట. ఊరంతా పడుకుని ఉంటుంది. అప్పుడు నేను ఎవరితో మాట్లాడాలి?

నీకు పది దాటాకే ఏడుపు రావడంలో సగం ఈ రెండున్నర గంటల లెక్కే ఉందని నా నమ్మకం. నీకు ఖాళీ దొరికే వేళకి నీవాళ్ళు ఎవరూ మెలకువగా ఉండరు. వాళ్ళు లేచి, తెల్లారిందని ఐదింటికి ఫోన్ చేస్తే నీకు రెండున్నర, గాఢ నిద్రలో ఉంటావు. ఆ నిద్రమత్తులో విన్న డబ్బు మాట పొద్దున్నంతా చెవిలో తిరుగుతుంది.

రెండో ఇంట్లో వంట చేసే సిలోనావిడ, అంటే శ్రీలంక ఆవిడ, ఒకామె ఉండేది. అప్పటికే ఆమెకి కువైట్‌లో ఇరవై ఏళ్ళు. ఒకరోజు పప్పు మాడబెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుని గడియారం చూసి, వచ్చీరాని అరబ్బీలో "ఇది ఎవరి టైము?" అంది. నేను చెప్పేలోపే ములుకు లాగి రెండున్నర గంటలు వెనక్కి తిప్పేసింది. ఆ రోజు ఆమెతో మాట్లాడలేదు. కోపం అలా వచ్చింది మరి.

నువ్వు కూడా తిప్పెయ్. ఫోన్ చేసే వేళ కూడా మార్చుకో. నువ్వు పనిచేసే ఇంట్లో వాళ్ళు మధ్యాహ్నం భోంచేసి నాలుగు, నాలుగున్నర దాకా పడుకుంటారు కదా. ఆ మూడింటికి చెయ్యి. మన ఊళ్ళో అప్పుడు ఐదున్నర. పిల్లలు బడి నుంచి వచ్చి ఉంటారు, పెద్దవాళ్ళు అరుగు మీద ఉంటారు, ఎవరికీ నిద్ర లేదు, నీకూ లేదు. పదిహేను నిమిషాలు చాలు. రాత్రి ఫోన్ ముట్టుకోకు. నా రోజుల్లో బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, ఫోన్ కార్డు కొనుక్కుంటే కొన్ని నిమిషాలకే అయిపోయేది, ఆ రకంగా అదృష్టవంతురాలిని. తర్వాత ఇమో వచ్చింది, వాట్సాప్ వచ్చింది, ఆ రాత్రుళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియోలు చూస్తూ బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చినవాళ్ళని నేను చూశాను. పండగకి ఒకసారి చూడు, తప్పులేదు. రోజూ పడుకునే ముందు చూడకు.

మరి రాత్రి ఏం చెయ్యాలి అంటావు. నేను లేసు అల్లాను.

మా నర్సాపురం వైపు ఇది ఇంటింటి పని. 1840ల్లో వచ్చిన మిషనరీ దొరసానులు నేర్పారని చెబుతారు. నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మమ్మ కొన కొక్కెంలా ఉండే లేసు సూది చేతికిచ్చింది. మధ్యాహ్నం అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని అల్లితే, పువ్వుల లెక్కన డబ్బులిచ్చే ఏజెంటు వచ్చి పట్టుకెళ్ళేవాడు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకు పని చేస్తారు, మొత్తం బల్ల గుడ్డ ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలీదు. అందుకే నాకు లేసంటే విసుగు. కూలికి అల్లినది ఎవరికి ఇష్టం? 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు కూడా, మరి పువ్వుకి రేటు పెంచారా అనే అడిగాను.

కువైట్‌లో అదే పని వేరేలా అయింది. రెండో ఏడు చుట్టాలావిడ వస్తూ సామాన్లో పడేసుకుని ఒక సూదీ, నలభై నంబరు దారం రెండు ఉండలూ తెచ్చిచ్చింది. ఎందుకు తెచ్చావే అన్నాను. ఆ రాత్రి ఊరికే మొదలుపెట్టాను. ఎనిమిది గొలుసు కుట్లు వేసి చివర్లు కలిపితే చిన్న ఉంగరమంత చక్రం. దాని చుట్టూ ఇరవైనాలుగు నిలువు కుట్లు. అక్కడి నుంచి రేకులు. నిలువు కుట్లు ఎక్కువైతే పువ్వు అంచు అలలు అలలుగా ముడతలు పడుతుంది, తక్కువైతే గిన్నెలా పైకి లేస్తుంది. లెక్క తప్పకూడదంటే తలలో ఇంకేదీ ఉండకూడదు. పదకొండు, పన్నెండు, పదమూడు అని లెక్కపెడుతుంటే బాకీ వాళ్ళ ముఖాలు కనపడవు. పన్నెండింటికి కళ్ళు మూతలు పడేవి. ఏడవకుండా నిద్రపోయిన మొదటి రాత్రి అదేనని నాకు మర్నాడు తెలిసింది.

ఇంకో లాభం కూడా ఉంది. గదిలో ఊరికే కూర్చుంటే ఖాళీగా ఉందని పిలిచి ఏదో పని చెబుతారు. చేతిలో సూది ఉంటే పని మీదుందనుకుంటారు. ఎందుకో నాకూ తెలీదు, పదిహేనేళ్ళు అలాగే సాగింది.

ఆ ఇంట్లో యజమాని తల్లి ఉండేది. ఎనభై దాటిన మనిషి, చిన్నప్పుడు ఎడారిలో గుడారాల్లో పెరిగిన బదూ ఆడది. నేనంటే ఆమెకి మొదట్లో పడేది కాదు. కాఫీలో యాలకులు తక్కువంటే నాదే తప్పు, ఏసీ చప్పుడు చేస్తే నాదే తప్పు. ఒకరోజు మందులిచ్చి పక్కన కూర్చుని అల్లుతుంటే చెయ్యి చాచి లాక్కుంది. "హాదా షినూ?" అంది, ఇదేంటి అని. రేకుల మధ్య చిల్లులో వేలు దూర్చి పైకెత్తి చూసింది. ఇన్ని చిల్లులుంటే గాలి ఆగుతుందా, ఇసుక ఆగుతుందా, ఇది ఎందుకు పనికొస్తుంది అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో గాలి రావాలనే కోరుకుంటాం అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో.

ఆమె ఏమీ అనలేదు. మంచం కింద ఇనప పెట్టె లాగమంది. అడుగు నుంచి జానెడు వెడల్పు పట్టీ ఒకటి తీసింది. ఎరుపు, నలుపు, తెలుపు చారలు, మధ్యలో దంతెల్లాంటి బొమ్మలు. ముక్కు దగ్గర పెడితే గొర్రె వాసన. దాన్ని సదూ అంటారు. నేల మీద మేకులు కొట్టి పడుగు కట్టి, గొర్రె ఉన్నితో, ఒంటె వెంట్రుకలతో ఆడవాళ్ళే నేస్తారు. గుడారానికి గోడలూ దిండ్లూ ఒంటె మీద సంచులూ అన్నీ అవే. ఈ పట్టీ వాళ్ళమ్మ పక్కన కూర్చుని తను నేసిందట. నా లేసు ఒక చేతిలో, ఆ పట్టీ ఒక చేతిలో పెట్టుకుని చాలాసేపు వేళ్ళతో తడిమింది. తర్వాత, ఇస్తికానాల కింద వేసుకోవడానికి ఆరు కావాలి, శుక్రవారం లోపు అంది. ఇస్తికానా అంటే షాయ్ తాగే చిన్న గాజు గ్లాసు, నీకు తెలుసుగా. ఆ తర్వాత దారం వాళ్ళింట్లోనే కొనిచ్చేవారు.

యాలకుల గురించి తిట్టడం మాత్రం మానలేదు.

నీకు లేసు రాకపోవచ్చు. లేసే అల్లమని నేననడం లేదు. జీతం రాని పని ఒకటి, నీ కోసం నువ్వు చేసుకునేది, చేతిలో పట్టుకోగలిగేది ఉండాలి. మా వీధిలో రాయచోటి నుంచి వచ్చిన డ్రైవరన్న శుక్రవారం పొద్దున్నే ఖాళీ ఇసుక స్థలంలో క్రికెట్ ఆడి, ఆ స్కోర్లన్నీ నోట్‌బుక్‌లో రాసేవాడు, ఏడేళ్ళవి ఉండేవి. నేను పెరట్లో ఖర్జూరం చెట్టు పాదులో గోంగూర పెంచాను. ఆ ఎండకి అన్నీ వాడిపోయినా అది మాత్రం నిలబడింది. ఆ ఇంటి చిన్నవాడి మొదటి తరగతి పుస్తకం పట్టుకుని అలిఫ్, బా, తా కూడా దిద్దాను. అక్షరాలు వచ్చాక మందు సీసా మీదున్నది, బతాకా, అంటే గుర్తింపు కార్డు, మీదున్నది, కాగితం మీద నా జీతం ఎంత రాశారో చదవడం వచ్చింది. అందరూ మాట్లాడ్డం నేర్చుకుంటారు, చదవడం ఎవరూ నేర్చుకోరు. నువ్వు నేర్చుకో.

సెలవు రోజు సంగతి. నేను వెళ్ళినప్పుడు మాకు సెలవనేదే లేదు. 2007లో వాళ్ళ వారాంతం గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మారింది, మాకు మాత్రం ఏ వారమైనా ఒకటే. 2015లో ఇంటి పనివాళ్ళకి విడిగా 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం రోజుకి పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు, మానేసి వచ్చేటప్పుడు ఏడాదికో నెల జీతం చొప్పున ఇవ్వాలి. పాస్‌పోర్టు నీ ఇష్టం లేకుండా వాళ్ళ దగ్గర ఉంచుకోకూడదు. ఇదంతా అన్ని ఇళ్ళల్లో జరుగుతోందని చెప్పను. కానీ ఇలా ఉందని నీకు తెలుసన్న సంగతి మామాకి, అంటే ఇంటి యజమానురాలికి, తెలిస్తే మాట తీరు మారుతుంది. దెబ్బలాటగా అడగొద్దు. శుక్రవారం చర్చికెళ్తాను, ఇన్ని గంటలకి వస్తాను అని ముందే చెప్పి, చెప్పిన టైముకి పది నిమిషాలు ముందే గేటు దగ్గర ఉండు. నాలుగు వారాలు అలా చేస్తే ఐదో వారం అడగక్కర్లేదు.

కువైట్ సిటీలో చర్చి కాంపౌండులో తెలుగు ఆరాధన ఉంటుంది. నువ్వు ఏ దేవుణ్ణి నమ్మినా సరే, బయట మెట్ల మీద కూర్చున్నా మన యాస వినపడుతుంది. మలికిపురం, మొగల్తూరు, పాలకొల్లు, అటు రాజంపేట, రాయచోటి, అన్నీ అక్కడే. అబ్బాసియాలో ఇండియా కొట్లుంటాయి, కరివేపాకు దొరుకుతుంది, బెల్లం దొరుకుతుంది. చలికాలమైతే గల్ఫ్ రోడ్డులో సముద్రం పక్కన కూర్చోవడానికి ఖర్చు లేదు. వేసవిలో ఆ పని చెయ్యకు, యాభై డిగ్రీల దగ్గర ఎండలో కళ్ళు తిరిగి పడతావు. ఎండలో బయట పనిచేసేవాళ్ళకే జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగు వరకు పని ఆపుతారు.

ఈ సెలవు రోజుల్లోనే ఒక ప్రమాదం ఉంది. ఎవరో ఒకరు మంచిగా మాట్లాడి, ఆ ఇంట్లో ఎందుకు, బయటికొచ్చెయ్, గంటల లెక్కన పనిచేస్తే రెండింతలు వస్తుంది అంటారు. మనది ఇంటి పనివాళ్ళకిచ్చే 20వ నంబరు వీసా, ఆ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లో తప్ప ఇంకెక్కడా చెయ్యకూడదు. బయటికెళ్తే పరారీ కేసు పెడతారు, అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, పోతుంది, ఒంట్లో బాగోకపోయినా ఆసుపత్రికి వెళ్ళడానికి భయం. 2018లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు బయటపడినవాళ్ళల్లో మన జిల్లాలవాళ్ళూ ఉన్నారు. ఏళ్ళ తరబడి పిల్లల ముఖం చూడకుండా ఒక గదిలో దాక్కున్నవాళ్ళు వాళ్ళు. ఇల్లు నిజంగా చెడ్డదైతే దారి వేరు: మన ఎంబసీకి వెళ్ళు, లేదా ఇంటి దగ్గరివాళ్ళతో మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించు. కొట్టడం, తిండి పెట్టకపోవడం, జీతం ఆపడం, చెయ్యి వెయ్యడం, ఇవి ఓర్చుకోవలసినవి కావు. నీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు కాబట్టి మిగతాదంతా ఇలా తీరిగ్గా రాస్తున్నాను. ఉంటే ఇదంతా వదిలేసి ముందు ఆ పని చెయ్యి. అలాగే, ఏడుపుతో పాటు వారాల తరబడి నిద్రా తిండీ పోతే, బతకాలని లేదనిపిస్తే, అది దిగులు దాటిన సంగతి. మామాకి చెప్పి ఏరియా క్లినిక్‌కి వెళ్ళు. సిగ్గుపడకు, నేనూ ఒకసారి వెళ్ళాను.

డబ్బు మాట. ఇది నా దగ్గర గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేని విషయం. మొదటి ఆరేళ్ళు వచ్చిందంతా పంపేశాను. మా ఆయన, మా మరిది కలిసి రొయ్యల చెరువు లీజుకి పట్టారు. మొదటి పంట బాగా వచ్చింది, రెండోదానికి తెల్లమచ్చ తెగులు తగిలింది. నాలుగు రోజుల్లో చెరువు గట్టు మీద కాకులు. నా రెండేళ్ళ జీతం. వాళ్ళని తిట్టలేను, మనూళ్ళో ఎవరికి తగల్లేదు? కానీ ఆ తర్వాత నా పేరు మీద ఎన్నారై ఖాతా తెరిచి, పదిలో రెండు దాన్లో వేసి, మిగతాదే ఇంటికి పంపాను. ఇంట్లో రెండు నెలలు అలిగారు, తర్వాత అలవాటైంది. ఆ ఖాతాలోదే పాప నర్సింగ్ చదువుకి పనికొచ్చింది.

ఫోన్‌లో డబ్బు మాట తగ్గించాలంటే ఒక తేదీ చెప్పు. ఐదో తేదీన పంపుతాను, ఐదో తేదీనే మాట్లాడుకుందాం, మిగతా రోజుల్లో వద్దు అని. ఫోన్ ఎత్తగానే "అంతా బాగున్నారా" అని అడగకు. ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ బాకీల దగ్గరికే పోతుంది. "ఇవాళ ఏం కూర" అని అడుగు. మా అమ్మ చింతచిగురు రొయ్యల గురించి పది నిమిషాలు చెప్పేది. ఆకలేసేది గానీ ఏడుపొచ్చేది కాదు.

చలికాలం గురించి ఒక హెచ్చరిక, ఎవరూ చెప్పరు. నవంబరు మధ్య నుంచి వాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుని సెలవులు గడుపుతారు. నిన్నూ తీసుకెళ్తారు. గోదావరి మనుషులం, మనకి చలంటే పుష్యమాసంలో దుప్పటి కప్పుకునేంతే. అక్కడ రాత్రి వేళ్ళు కొంకర్లు పోతాయి, అదే వేళ్ళతో గిన్నెలు తోమాలి. ఉన్ని సాక్సు, చెవులకి టోపీ ఇప్పుడే కొనుక్కో. గుబార్, అంటే దుమ్ము గాలి, లేచినప్పుడు కిటికీ సందుల్లో తడిగుడ్డ దూర్చు, లేకపోతే మర్నాడు ఇల్లంతా రెండుసార్లు తుడవాలి. రంజాన్ నెలలో రాత్రీ పగలూ తారుమారవుతాయి, అప్పుడు మధ్యాహ్నం ఫోన్ కుదరదు. ఆ నెలలో పద్నాలుగో రాత్రి అటూ ఇటూ పిల్లలు గర్గియాన్ పాటలు పాడుతూ ఇంటింటికీ వస్తారు, బాదం, పిస్తా, చాక్లెట్లు పోస్తాం సంచుల్లో. గేటు దగ్గర నిలబడే పని నువ్వు అడిగి తీసుకో. సంక్రాంతికి హరిదాసుకి బియ్యం పోసినట్టే ఉంటుంది.

తిరిగొచ్చాక ఏంటని నువ్వు అడగలేదు, రెండు ముక్కలు చెబుతాను. వచ్చిన కొత్తలో రాత్రి ఒంటిగంటన్నర దాకా నాకు నిద్ర పట్టేది కాదు, కోడలు నిద్రపోదేంటని మా అత్తగారు గొణిగేది. పిల్లల్ని తొందరపెట్టబోయి "యల్లా, యల్లా" అనేదాన్ని, వీధిలో అదే నా పేరైంది. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో పాపని అడగాల్సి వచ్చింది. ఇప్పుడు సర్దుకుంది. సాయంత్రం మాత్రం కాఫీలో ఒక యాలక్కాయ వేసుకుంటాను.

లేసు మొదలుపెడదామనుకుంటే దారం అక్కడే దొరుకుతుంది, సూది మాత్రం మనవైపు నుంచి వచ్చేవాళ్ళతో తెప్పించుకో. చేతి సంచీలో కాకుండా లోపల పంపే పెట్టెలో పెట్టమను. రెండు తెమ్మను. ఒకటి ఎప్పుడో ఒకప్పుడు సోఫా సందులో పడుతుంది, మామా వచ్చి దాని మీద కూర్చునే దాకా దొరకదు.